బిల్లు ఏ గడిలో ఆగింది? బిజినెస్ ప్రాసెస్ మోడల్ గీసే పద్ధతి

బిల్లు వచ్చింది, సరిచూశారు, ఆమోదించారు, డబ్బు పంపారు. నాలుగు డబ్బాలు, మూడు బాణాలు. మీటింగ్‌లో ఈ బొమ్మ పెడితే అందరూ తలూపుతారు, కాదనడానికి అందులో ఏమీ లేదు కాబట్టి. డెవలపర్లు దాన్ని చూసి నాలుగు స్క్రీన్లు కడతారు. సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చిన రెండో రోజే అకౌంట్స్ నుంచి ఫోన్: "సరుకు 20 కిలోలు తక్కువొచ్చింది, బిల్లు మాత్రం పూర్తిగా వేశారు, ఇప్పుడు ఏ బటన్ నొక్కాలండీ?" ఆ బటన్ లేదు. బొమ్మలో ఆ దారే లేదు మరి.

ప్రాసెస్ మోడల్ విలువంతా పని ఆగే చోట, వెనక్కి మళ్లే చోట, ఒకరి కోసం ఇంకొకరు ఎదురుచూసే చోట ఉంటుంది. ఆ చోట్లు పట్టుకోవడం, గీయడం, డెవలపర్‌కీ టెస్టర్‌కీ అందించడం ఎలాగో ఒకే ఉదాహరణతో చూద్దాం: మధ్యతరహా తయారీ కంపెనీలో సప్లయర్ల బిల్లుల చెల్లింపు. పర్చేజ్, స్టోర్స్, అకౌంట్స్ మూడూ తగిలే పని కాబట్టి చిక్కులకు కొదవ ఉండదు.

గీసే భాష బీపీఎంఎన్ (బిజినెస్ ప్రాసెస్ మోడల్ అండ్ నొటేషన్). 2004లో మొదటి వెర్షన్ వచ్చింది, 2011లో 2.0 అయింది, 2013లో ఐఎస్ఓ 19510 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అందులో గుర్తులు చాలా ఉన్నాయి. అన్నీ నేర్చుకోనక్కర్లేదు: మొదలు, ముగింపు, టాస్క్ (ఒక పని), సబ్‌ప్రాసెస్ (కొన్ని పనులను చుట్టిన డబ్బా), రెండు రకాల గేట్‌వేలు (దారులు చీలే, కలిసే డైమండ్‌లు), టైమర్, మెసేజ్, పూల్ (ఒక సంస్థ), లేన్ (అందులో ఒక్కో పాత్రకు ఒక వరుస), రెండు రకాల బాణాలు వస్తే అనలిస్ట్ పని చాలావరకు జరిగిపోతుంది.

గీత గీసే ముందు: నడిచేది ఏమిటి?

మొదట మూడు వాక్యాలు రాయండి. ఇది ఎక్కడ మొదలవుతుంది? ఎన్ని రకాలుగా ముగుస్తుంది? లోపల నడిచే వస్తువు ఏది?

మన ఉదాహరణలో మొదలు: సప్లయర్ బిల్లు అకౌంట్స్‌కు చేరడం. ముగింపులు రెండు: సప్లయర్ ఖాతాలో డబ్బు పడడం, లేదా బిల్లు తిప్పి పంపడం. నడిచే వస్తువు: ఒక బిల్లు. ఈ మూడోదాన్నే ఎక్కువమంది రాయరు, అక్కడే దెబ్బ తింటారు.

ఎందుకంటే చాలా కంపెనీల్లో డబ్బు బిల్లు బిల్లుకీ పోదు. మంగళవారం, శుక్రవారం అని రోజులు పెట్టుకుని, సిద్ధంగా ఉన్న అరవై, డెబ్భై బిల్లులను ఒక బ్యాంకు ఫైల్‌లో పెట్టి పంపుతారు. "మేనేజర్ ఆమోదం" తర్వాత బాణం గీసి "బ్యాంకు ఫైల్ తయారు చేయాలి" అని డబ్బా పెట్టారనుకోండి, బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. అర్థం మాత్రం బిల్లుకొక ఫైల్ అని. డెవలపర్ అలాగే కడితే తప్పు ఆయనది కాదు.

ఇక్కడ ప్రాసెస్‌లు రెండుగా విడగొట్టాలి. మొదటిది బిల్లుది: ఆమోదం అయ్యాక బిల్లును "చెల్లింపుకు సిద్ధం" అనే స్థితిలో పెట్టి, డబ్బు పోయిందన్న మెసేజ్ కోసం ఎదురుచూస్తుంది. రెండోది చెల్లింపుల విడతది: మంగళవారం, శుక్రవారం ఉదయం 11కు టైమర్‌తో మొదలై, సిద్ధంగా ఉన్న బిల్లులన్నీ ఏరి, ఫైల్ చేసి, బ్యాంకు జవాబు రాగానే ఒక్కో బిల్లుకు మెసేజ్ పంపుతుంది. రెంటి మధ్య ఉండేది బిల్లుల డేటాబేస్. ఒకటి ఒకటిగా నడిచేదీ, గుంపుగా నడిచేదీ ఒకే గీత మీద పెట్టకూడదు. జీతాలు, డిస్పాచ్, రాత్రిపూట సింక్ జాబ్‌లు ఎక్కడైనా ఇదే లెక్క.

ఏం అడగాలి, ఎవర్ని అడగాలి

"మీ ప్రాసెస్ చెప్పండి" అని అడిగితే ఎవరైనా ఎస్ఓపీ (రాసిపెట్టిన పని పద్ధతి) అప్పజెబుతారు. దాని బదులు పోయిన నెలలో సాఫీగా పాసైన బిల్లులు ఐదు, నానా తిప్పలు పడ్డ బిల్లులు ఐదు అడిగి తీసుకోండి. ఒక్కో బిల్లు కాగితం పట్టుకుని, అది ఏ రోజు ఎవరి చేతిలో ఉందో తేదీలతో రాయండి. గేటు దగ్గర ఇన్‌వర్డ్ స్టాంపు, స్టోర్స్ జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే నోట్) తేదీ, అకౌంట్స్ ఎంట్రీ తేదీ, ఆమోదం మెయిల్, బ్యాంకు యూటీఆర్ (డబ్బు బదిలీ నంబరు) వరుసగా పెడితే, పని జరిగిన సమయం నిమిషాల్లోనూ, పడి ఉన్న సమయం రోజుల్లోనూ తేలుతుంది. ఆ రెండు అంకెలూ టాస్క్ పక్కన రాసుకోండి. రేపు ఏది ఆటోమేట్ చేయాలన్న వాదన వచ్చినప్పుడు పనికొచ్చేవి అవే.

మేనేజర్‌తో గంట, పని చేసే మనిషి పక్కన కూర్చుని రెండు గంటలు. ఈ నిష్పత్తి తిరగబడితే మోడల్ కూడా తిరగబడుతుంది. ప్రశ్న ఒక మెట్టుతో ఆపకండి:

"రేటులో తేడా వస్తే ఏం చేస్తారు మేడమ్?"
"పర్చేజ్ వాళ్లకి మెయిల్ పెడతామండీ."
"వాళ్లు రెండ్రోజులు పలక్కపోతే?"
"ఫోన్ చేస్తాం."
"అప్పటికీ తేలకపోతే?"
"అప్పుడు మా సార్ ఆ ఎక్సెల్‌లో పసుపు రంగు వేస్తారు. సోమవారం మీటింగ్‌లో అవి చూస్తారు."

పసుపు రంగు! ఎస్ఓపీలో లేని ఆ ఎక్సెలే ఈ కంపెనీలో అసలు ఎస్కలేషన్ సిస్టమ్, అంటే తేలని విషయాన్ని పైవాళ్ల దాకా తీసుకెళ్లే దారి. పెన్సిల్ టిక్కులు, వాట్సాప్ గ్రూపు, "ఇది మాకోసం పెట్టుకున్నదండీ" అంటూ సగం దాచే రిజిస్టర్ కనిపించిన ప్రతిసారీ అక్కడొక గేట్‌వేనో టైమరో ఉందని గుర్తు. అవన్నీ ఇప్పటి స్థితి మోడల్‌లోకి రావాలి. "అది అఫీషియల్ కాదు, వదిలేయండి" అని ఎవరన్నా సరే వదలకండి.

మొదటి గీత

సాఫీ దారి ముందు గీయండి, పది నుంచి పదిహేను టాస్క్‌లకు మించకుండా. మించితే కొన్నిటిని మూసిన సబ్‌ప్రాసెస్‌గా చుట్టి వేరే పేజీలో విప్పండి. ఏ3 కాగితం మీద చదవగలగాలి, అదే కొలత.

కంపెనీ ఒక పూల్. అందులో లేన్‌లు పాత్రల పేర్లతో: స్టోర్స్ ఇన్‌చార్జ్, పర్చేజ్ ఎగ్జిక్యూటివ్, అకౌంట్స్ అసిస్టెంట్, ఫైనాన్స్ మేనేజర్. మనుషుల పేర్లు పెట్టొద్దు, వాళ్లు ఉద్యోగం మారితే బొమ్మ పాతబడుతుంది. ఈఆర్పీ (కంపెనీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) తనంతట తాను చేసే పని ఉంటేనే దానికి లేన్ ఇవ్వండి. అసిస్టెంట్ ఈఆర్పీలో టైప్ చేయడం అసిస్టెంట్ పనే, ఆవిడ లేన్‌లోనే ఉండాలి. సప్లయర్ వేరే పూల్, లోపల ఖాళీ. వాళ్ల ఆఫీసులో ఏం జరుగుతుందో మనకు అనవసరం. రెండు పూల్‌ల మధ్య చుక్కల బాణమే పోవాలి, నిండు బాణం పూల్ గీత దాటకూడదు. నిండు బాణం అంటే ఒకే ప్రాసెస్‌లో వరుస, చుక్కల బాణం అంటే కబురు. కబురు దారి తప్పొచ్చు, ఆలస్యం కావొచ్చు. డెవలపర్ అక్కడ రీట్రై (మళ్లీ పంపడం) గురించి ఆలోచించాలని ఆ చుక్కలు చెబుతాయి.

టాస్క్ పేరులో వస్తువు, క్రియ రెండూ ఉండాలి. "వెరిఫికేషన్" అని రాస్తే ఎవరు దేన్ని దేనితో పోల్చారో తెలీదు. "బిల్లును పీవో, జీఆర్ఎన్‌లతో సరిపోల్చాలి" అంటే తెలుస్తుంది (పీవో అంటే కొనుగోలు ఆర్డర్). ప్రతి టాస్క్‌కూ ఏపీ-01, ఏపీ-02 అని నంబరు ఇవ్వండి (ఏపీ అంటే అకౌంట్స్ పేయబుల్). అది తర్వాత యూజర్ స్టోరీకి (యూజర్‌కు ఏం కావాలో చెప్పే చిన్న రాత), టెస్ట్ కేసుకు తాడులా పనికొస్తుంది.

గేట్‌వే నిర్ణయం తీసుకోదు. నిర్ణయం దాని ముందున్న టాస్క్‌లో జరిగిపోతుంది, గేట్‌వే ఆ ఫలితాన్ని చూసి దారి చూపిస్తుందంతే. కాబట్టి ముందు "సరిపోల్చాలి" టాస్క్, తర్వాత "సరిపోయిందా?" అనే డైమండ్. టాస్క్ లేకుండా డైమండ్ మాత్రమే గీస్తే ఆ సరిపోల్చే స్క్రీన్ ఎవరూ కట్టరు.

తేడాల లెక్క పట్టికలో పెట్టాలి

ఒక బిల్లు చూద్దాం. పీవో 500 కిలోలకు, కిలో 82 రూపాయలు. వచ్చిన సరుకు తూకం 480 కిలోలు. బిల్లు మాత్రం 500 కిలోలకే: 41,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 7,380, మొత్తం 48,380. నిజంగా ఇవ్వాల్సింది 39,360 మీద పన్ను 7,084.80 కలిపి 46,444.80. తేడా 1,935 రూపాయల 20 పైసలు.

ఇప్పుడు ఏం చేయాలన్నదాన్ని డైమండ్ తర్వాత డైమండ్‌గా గీస్తూ పోతే బొమ్మ సాలెగూడు అవుతుంది. నియమాలను డెసిషన్ టేబుల్‌లో పెట్టి, బొమ్మలో "తేడా తీర్మానించాలి" అని ఒకే రూల్ టాస్క్ ఉంచండి. ఉదాహరణకు పట్టిక వరుసలు ఇలా ఉంటాయి:

- పరిమాణం తక్కువ, రేటు సరే: జీఆర్ఎన్ మేరకే చెల్లింపు, మిగతాదానికి డెబిట్ నోట్ (సప్లయర్ ఖాతాలో ఆ మొత్తం తగ్గించే చీటీ)
- రేటు తేడా 2 శాతం వరకు: పర్చేజ్ ఎగ్జిక్యూటివ్ ఆమోదం
- రేటు తేడా 2 శాతం పైన: పర్చేజ్ మేనేజర్ ఆమోదం, పీవో సవరణ

చూడ్డానికి బాగానే ఉంది. కానీ సరిగ్గా 2 శాతమైతే ఏ వరుస? "వరకు" అంటే 2 కలిపేనా? పరిమాణం, రేటు రెండూ తేడా వస్తే? బిల్లు రేటు పీవో కన్నా తక్కువైతే? సరుకు ఎక్కువొస్తే? మూడు వరుసల పట్టికలో నాలుగు కన్నాలు. వీటిని మీ ఊహతో పూడ్చొద్దు. ఎంత శాతం, ఎవరి ఆమోదం అన్నది ఫైనాన్స్ పాలసీ. ప్రశ్నలుగా రాసి, తేదీ వేసి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

చింతపిక్కతో నడిపి చూడండి

బొమ్మ సరైందో కాదో తెలుసుకునే పద్ధతి చాలా పాతది: టోకెన్ నడపడం. ఏ3 ప్రింటు టేబుల్ మీద పరిచి, మొదలు గుర్తు మీద ఒక చింతపిక్క పెట్టండి. అష్టాచెమ్మాలో కాయ జరిపినట్టు, ఒక్కో టాస్క్ మీదుగా జరపండి. గుణకారం (×) గుర్తున్న గేట్‌వే దగ్గర పిక్క ఒకే దారిన పోతుంది. కూడిక గుర్తున్న గేట్‌వే దగ్గర దారికొకటి చొప్పున పిక్కలు పెరుగుతాయి. మళ్లీ కూడిక గుర్తు దగ్గర కలిసేటప్పుడు, వచ్చే బాణాలన్నిటి మీదా పిక్క చేరేదాకా కదలకూడదు.

మన బిల్లు సరిపోయాక రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి: డిపార్ట్‌మెంట్ ఆమోదం, పన్నుల పరిశీలన. కూడిక గేట్‌వేతో విడగొట్టాం. ఇక్కడ మూడు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

ఒకటి, రెండు బాణాలనూ గేట్‌వే లేకుండా నేరుగా "చెల్లింపుకు సిద్ధం చేయాలి" అన్న టాస్క్‌లోకి దించడం. పిక్కలు రెండు, ఒక్కోటి చేరినప్పుడల్లా టాస్క్ ఒకసారి నడుస్తుంది. అంటే ఒకే బిల్లు రెండుసార్లు చెల్లింపు వరుసలోకి ఎక్కుతుంది. కాగితం మీద ఇది కంటికి ఆనదు, పిక్కలు పెడితే వెంటనే దొరుకుతుంది.

రెండు, గుణకారం గేట్‌వేతో విడగొట్టి కూడిక గేట్‌వేతో కలపడం. పిక్క ఒక దారినే వచ్చింది, రెండో దారిన ఎప్పటికీ రాదు. బిల్లు అక్కడే కూర్చుంటుంది. యూజర్లు "సిస్టమ్ హ్యాంగ్ అయింది" అంటారు, సర్వర్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంటుంది.

మూడోది కాస్త గడుసుది. డిపార్ట్‌మెంట్ బిల్లును తిరస్కరించింది, పిక్క "తిప్పి పంపారు" అనే మామూలు ముగింపుకు వెళ్లింది. కానీ పన్నుల దారిలో రెండో పిక్క ఇంకా బతికే ఉంది. ఆ పని అయ్యాక అది కలిసే చోటికి వచ్చి, రాని జోడీ కోసం ఎదురుచూస్తుంది. తిప్పి పంపిన బిల్లు పెండింగ్ రిపోర్టులో కనిపిస్తూనే ఉంటుంది. ఇక్కడ మామూలు ముగింపు పనికిరాదు, మిగతా పిక్కలన్నిటినీ ఎత్తేసే టర్మినేట్ ముగింపు కావాలి. లోపల నల్లటి చుక్కతో ఉండే వృత్తం అదే.

పిక్కను మీరు జరపొద్దు. ముందు తీసుకున్న పది బిల్లుల్లో ఒకటి చేతికిచ్చి, అకౌంట్స్ అసిస్టెంట్‌నే జరపమనండి. "ఇక్కడ నుంచి ఇటు పోదండీ" అన్న మాట వినిపించిన చోట ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ప్రొజెక్టర్ మీద చూపిస్తే అందరూ ఓకే అంటారు. చేతికి పిక్క ఇస్తే అనరు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

టాస్క్ అంచు మీద పెట్టే టైమర్లు రెండు రకాలు. చుక్కల వృత్తంతో గీస్తే పని ఆగదు, పక్కన ఇంకొకటి మొదలవుతుంది. నిండు వృత్తంతో గీస్తే ఉన్న పని రద్దై వేరే దారి పడుతుంది. ఆమోదం రెండు రోజుల్లో రాకపోతే గుర్తుచేసే మెయిల్: చుక్కల వృత్తం. ఐదు రోజుల్లో రాకపోతే ఆ పని మేనేజర్ చేతిలోంచి తీసి పై అధికారికి: నిండు వృత్తం. తారుమారైతే గుర్తుచేసే మెయిల్ పోగానే మేనేజర్ స్క్రీన్‌లోంచి బిల్లు మాయమవుతుంది. ఐదు రోజులంటే పనిదినాలా, క్యాలెండర్ రోజులా అన్నది కూడా రాయండి. సంక్రాంతి వారంలో ఈ తేడా తెలిసొస్తుంది.

టైమర్ ఎంతసేపు అన్నదాని కన్నా ఎక్కడి నుంచి అన్నది ముఖ్యం. సప్లయర్ ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అనుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. ఈ గడియారం బిల్లు ఎంట్రీ తేదీ నుంచి తిరగదు, సరుకు అందిన రోజు నుంచి తిరుగుతుంది. సరుకు మీద 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే మాత్రం, ఆ అభ్యంతరం తీరిన రోజు నుంచి లెక్క. అంటే మన ప్రాసెస్ "బిల్లు వచ్చింది"తో మొదలైనా, టైమర్ మాత్రం జీఆర్ఎన్‌లోని సరుకు అందిన తేదీని చదవాలి. స్టోర్స్ వాళ్లు ఫోన్‌లో చెప్పిన అభ్యంతరం లెక్కలోకి రాదు. తేదీతో కూడిన అభ్యంతర పత్రం మోడల్‌లో ఒక డేటా ఆబ్జెక్ట్‌గా (పత్రానికి వాడే గుర్తు) ఉండాలి.

దీని పక్కన పన్నుల దారి పెట్టి చూడండి. సప్లయర్ తన రిటర్న్‌లో బిల్లు చూపిస్తేనే అది మన జీఎస్‌టీఆర్-2బీలోకి (మనకు దక్కే పన్ను క్రెడిట్ చూపే పత్రం) వస్తుంది, ఆ పత్రం మరుసటి నెల 14న తయారవుతుంది. "2బీలో కనపడ్డాకే డబ్బు" అని ఫైనాన్స్ వాళ్లు చెప్పారు, మీరు అలాగే వరుసగా గీశారు. మే 1న సరుకు, అదే రోజు బిల్లు వచ్చాయనుకోండి. జూన్ 14 అంటే 44వ రోజు. గడువుకు ఒక్క రోజు మిగిలింది, చెల్లింపులేమో మంగళ, శుక్రవారాల్లోనే. ఒప్పందం లేని సప్లయర్ అయితే 15 రోజుల గడువు మే నెలలోనే దాటిపోయింది. రెండు నియమాలూ విడివిడిగా సబబే, ఒకే గీత మీద పెట్టేసరికి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

కొన్ని కంపెనీలు సరుకు విలువ చెల్లించి, పన్ను మేరకు మాత్రం 2బీ కోసం ఆపుతాయి. అది ఈ సప్లయర్లకు చెల్లుతుందా అన్నది ఆడిటర్ చెప్పాలి. అనలిస్ట్ పని ఆ ఢీకొనే చోటును తేదీలతో సహా టేబుల్ మీద పెట్టడం.

బొమ్మ నుంచి బ్యాక్‌లాగ్‌కు

కాబోయే స్థితి మోడల్ కుదిరాక, దాన్ని బ్యాక్‌లాగ్‌లోకి, అంటే డెవలపర్లు కట్టాల్సిన పనుల జాబితాలోకి, అనువదించడం దాదాపు యాంత్రికం. మనిషి చేసే టాస్క్ ఒక స్క్రీన్. సిస్టమ్ చేసే టాస్క్ ఒక సర్వీస్ కాల్. చుక్కల బాణం ఒక ఇంటిగ్రేషన్, అది ఫెయిలైతే ఏం చేయాలన్న స్టోరీతో సహా. టైమర్ ఒక షెడ్యూల్డ్ జాబ్. గేట్‌వే నుంచి బయటికి పోయే ప్రతి బాణానికీ కనీసం ఒక టెస్ట్ కేసు. యూజర్ స్టోరీ ఇలా ఉంటే చాలు:

ఏపీ-06. అకౌంట్స్ అసిస్టెంట్‌గా, జీఆర్ఎన్ పరిమాణం బిల్లు కన్నా తక్కువున్నప్పుడు డెబిట్ నోట్ ముసాయిదా సిద్ధంగా కనిపించాలి. పీవో 500, జీఆర్ఎన్ 480, బిల్లు 500, రేటు 82, పన్ను 18 శాతం అయితే డెబిట్ నోట్ 1,935.20 రావాలి. జీఆర్ఎన్ ఇంకా పడకపోతే ముసాయిదా రాకూడదు, బిల్లు "జీఆర్ఎన్ కోసం" స్థితిలో ఉండాలి.

ఆ రెండో షరతు చింతపిక్క నడిపినప్పుడు దొరికింది. బిల్లు సరుకు కన్నా ముందొచ్చే సందర్భం సాఫీ దారిలో ఎవరికీ గుర్తుకు రాదు.

పరికరం విషయానికొస్తే, మాట్లాడుకోవడానికి డ్రా.ఐఓ చాలు. కానీ అందులో బొమ్మ బొమ్మే, తప్పు బాణం గీసినా అదేమీ అనదు. చివరి మోడల్‌ను కముండా మోడలర్ లేదా బీపీఎంఎన్.ఐఓ లాంటి వాటిలో గీయండి. ఉచితంగానే దొరుకుతాయి, ఫైల్ ఎక్స్ఎంఎల్‌గా సేవ్ అవుతుంది కాబట్టి కోడ్‌తో పాటే గిట్‌లో (ఫైళ్ల మార్పులన్నీ గుర్తుంచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టొచ్చు, ఏ వెర్షన్‌లో ఏ దారి మారిందో చూసుకోవచ్చు. వర్డ్ డాక్యుమెంట్‌లో అతికించిన స్క్రీన్‌షాట్ అసలు కాపీ కాకూడదు.

చివరగా, విడుదల తేదీకి వారం ముందే తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది: పాత దారిలో సగం నడిచిన బిల్లుల సంగతేమిటి? మోడల్ మీద ఒక్కో టాస్క్ దగ్గర ప్రస్తుతం ఎన్ని బిల్లులున్నాయో అంకె వేయండి. సరిపోల్చడానికి ముందున్నవి కొత్త దారిలో మొదటి నుంచి నడపొచ్చు. ఆమోదం అయిపోయినవి పాత దారిలోనే ముగించాలి, లేకపోతే మేనేజర్ రెండోసారి ఆమోదించాల్సి వస్తుంది. మధ్యలో ఉన్నవాటికి పాత టాస్క్ ఏది కొత్త టాస్క్ ఏది అని రెండు వరుసల జాబితా రాసి, డెవలపర్‌తో పాటు అకౌంట్స్ ఇన్‌చార్జ్ సంతకం కూడా తీసుకోండి.